చదరంగం గళ్ళలో జొన్నలు

చదరంగం పలకలో 64 గళ్ళు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇట్ల ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలు? పాత కథలో రాజుగారు "ఓస్, ఇంతేనా" అన్నాడంట. కథలో గోధుమలంటారు. జొన్నగిరి పక్కన ఉండేవాళ్ళం, మనం జొన్నలే పెడదాం.

జవాబు 18446744073709551615. ఇరవై అంకెలు! వెయ్యి జొన్నలు 30 గ్రాములనుకుంటే ఇవి 55 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా పండే ధాన్యం ఏడాదికి సుమారు 300 కోట్ల టన్నులు. పాపం, రాజు అన్ని దేశాల పంటనూ దాదాపు రెండు వందల ఏళ్ళు తెచ్చి పాతరలో పోయాల.

ఈ సంఖ్యను తెలుగులో ఒక పద్యంలో చెప్పినారు. అది పావులూరి మల్లనదని పెద్దలంటారు. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితాన్ని తెలుగు చేసిన కవి ఆయన. పద్యంలో అంకెలుండవు, మాటలుంటాయి. శర అంటే 5 (మన్మథుని బాణాలు), శశి అంటే 1, గగనం 0, వేదం 4, కుంజరం 8 (దిక్కుల ఏనుగులు). ఒకట్ల స్థానం నుంచి చెప్తాడు కాబట్టి కుడి నుంచి ఎడమకు రాసుకోవాల. మధ్యలో ఒక మాట జారితే ఛందస్సు తప్పుతుంది, వెంటనే దొరికిపోతుంది.

మనం అంకెల్లో రాస్తాం. మనకు ఛందస్సు కాపలా లేదు. మరి తప్పు పోతే ఎట్ల తెలిసేది?

ముందు పని తగ్గించుకోవాల. 1+2+4=7, అంటే తర్వాతి గడిలోని 8కి ఒకటి తక్కువ. కాబట్టి 64 గళ్ళూ కూడనక్కరలేదు. 1ని 64 సార్లు రెట్టించి, ఒకటి తీసేస్తే చాలు. నేను అట్లనే చేస్తిని.

రెట్టిస్తుంటే చివరి అంకె 2, 4, 8, 6 అని తిరుగుతా ఉంటుంది. 64 నాలుగు ఎక్కంలో ఉంది, కాబట్టి 6 రావాల. ఒకటి తీస్తే 5. నాకూ 5 వచ్చె. సంతోషపడితిని.

రెండో పరీక్షలో దొరికిపోతిని. అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్ళీ కూడి ఒక్క అంకె చేస్తే అది 2, 4, 8, 7, 5, 1 అని తిరుగుతుంది. 64వ సారికి 7, ఒకటి తీస్తే 6 రావాల. (సరైన సంఖ్యకు 87, 15, 6.) నాకు 1 వచ్చె!

అన్నీ మళ్ళీ చేసే ఓపిక లేదు. సగం సగం వెతికితిని. 32వ రెట్టింపు సరి. 48 తప్పు. 40 సరి. 44 తప్పు, 42 తప్పు, 41 తప్పు. 41లో చేతిలో ఉన్న ఒకటి కలపడం మరిచినాను. అంతే. అయితే రెండంకెలు తారుమారైతే మాత్రం ఈ పరీక్షకు దొరకదు, జాగ్రత్త.

ఈ సంఖ్యను విడగొడితే 3×5×17×257×65537×4294967297. చివరిది ఇక విడిపోదని ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపినాడు. పలక తీసుకొని మీరూ భాగించండి. శేషం మిగిలిందంటే తప్పు ఆయిలర్‌ది కాదు.