పెళ్లయిన వారానికే మూత్రంలో మంటా?

ఎండాకాలం, ఆరుబయట పెళ్లి. పట్టుచీరతో బాత్రూమ్‌కు వెళ్లటం కష్టమని నీళ్లు తాగటం తగ్గించారా? మూత్రం వచ్చినా ఆపుకొని పీటల మీదే కూర్చున్నారా? ఆ తర్వాత నాలుగైదు రోజులకు మంట, మాటిమాటికీ మూత్రం రావటం మొదలైతే అత్తగారింట్లో ఎలా చెప్పాలని దాచుకోవద్దు.

కొత్తగా పెళ్లయిన అమ్మాయిల్లో మూత్ర ఇన్‌ఫెక్షన్ తరచూ కనిపించేదే. స్త్రీలలో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. కలయిక సమయంలో ఈ-కొలై వంటి బ్యాక్టీరియా తేలికగా మూత్రాశయంలోకి చేరుతుంది. నీళ్లు తక్కువ తాగితే, మూత్రం ఆపుకొంటే అది బయటకు పోకుండా వృద్ధి చెందుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

డాక్టర్‌కు చూపించుకొని మూత్ర పరీక్ష చేయించుకోండి. మంట తగ్గినా యాంటీబయాటిక్ మాత్రలు మధ్యలో ఆపొద్దు. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులుంటే ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకు పాకి ఉండొచ్చు. అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లటం మంచిది.

మీ ఇంట్లో పెళ్లుందా? ముహూర్తానికి ముందే అమ్మాయిని ఓసారి బాత్రూమ్‌కు తీసుకెళ్లండి. మధ్యమధ్యలో నీళ్లో, మజ్జిగో ఇస్తుండండి.