బొమ్మల కార్డు లెక్కలు చేసింది!

తెల్లాపూర్ నుంచి చార్మినార్‌కు వెళ్లాలి. ఏ దారి దగ్గర? దారిలో ఎన్నో కూడళ్లున్నాయి. ప్రతి కూడలి దగ్గరా రెండు మూడు దారులు చీలుతాయి. అన్నీ లెక్కచూసి దగ్గరి దారి తేల్చటం తేలిక కాదు. ఇలాంటి లెక్కను, వీడియో ఆటల కోసం తయారైన ఒక పరికరం చేత చేయించారు, మన పొరుగున ఉన్న గచ్చిబౌలిలోనే. అదెలాగో చూద్దాం.

కంప్యూటర్‌లో లెక్కలు చేసే ముఖ్యభాగం సి.పి.యు. ఏ పని ఇచ్చినా చకచకా చేస్తుంది. అయితే మామూలు కంప్యూటర్‌లో లెక్కచేసే విభాగాలు కొద్దే. నాలుగో, ఎనిమిదో, పదహారో ఉంటాయి.

తెరమీద బొమ్మ సంగతి వేరు. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న తెరపై మొత్తం 20,73,600 చుక్కలు. ఆటలో బొమ్మ సాఫీగా కదలాలంటే సెకనుకు 60 సార్లు వీటన్నిటి రంగూ లెక్కకట్టాలి. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా లెక్కలు! కాని ఒక్కొక్కటీ చిన్న లెక్కే. పైగా ఒక చుక్క రంగు తేలేదాకా పక్క చుక్క ఆగనక్కరలేదు. అందుకే ఇంజనీర్లు వందలకొద్దీ చిన్న విభాగాలను ఒకే చిప్పులో అమర్చారు. అదే జి.పి.యు. అది బిగించి ఉన్న పలకే గ్రాఫిక్స్ కార్డు.

వరినాట్లు చూశారుగా? ఒక్కరే ఎంత చురుగ్గా నాటినా మడి పూర్తికాదు. ఇరవై మంది వరసగా వంగి నాటితే పొద్దువాలకముందే అయిపోతుంది. జి.పి.యు. బలం అదే.

2006లో ఎన్విడియా కంపెనీ 8800 జి.టి.ఎక్స్. అనే కార్డును తెచ్చింది. అందులో 128 విభాగాలు. బొమ్మలే కాక ఇతర లెక్కలూ దానిచేత చేయించటానికి 'క్యూడా' అనే పద్ధతిని ప్రకటించింది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో పవన్ హరీష్, ఆచార్య పి.జె. నారాయణన్ ఈ కార్డుకు దారుల లెక్క అప్పగించారు. కోటి కూడళ్లున్న పటంలో, ఒక కూడలి నుంచి మిగిలినవాటికి దగ్గరి దారులను అది ఒకటిన్నర సెకనులో తేల్చింది! 2007లో వారు ఈ ఫలితాన్ని ప్రకటించారు. ఆ కార్డు ధర 600 డాలర్లే.

ఎలా సాధ్యమైంది? సి.పి.యు. అయితే అన్నిటికన్నా దగ్గరి కూడలిని ముందు ఎంచుకుని, తరువాత ఒక్కొక్కటిగా ముందుకు సాగుతుంది. జి.పి.యు.లో కూడలికొక పనివాడు ఉన్నాడనుకోండి. "నా మీదుగా వస్తే నీకు ఇంత దూరం" అని ప్రతివాడూ పొరుగువాడికి చెబుతాడు. అది తన దగ్గరున్న అంకెకన్నా చిన్నదైతే పొరుగువాడు దిద్దుకుంటాడు. ఎవరి అంకే మారని విడత వచ్చిందా, లెక్క ముగిసినట్టే. ఇందులో కొన్ని లెక్కలు మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుంది. అయినా చాలామంది ఒకేసారి చేయటంవల్ల పని త్వరగా తెములుతుంది. ఒంటరిగా చేసేవాడికి మేలైన పద్ధతి, గుంపుకు అన్నివేళలా మేలైనది కాదన్నమాట!

మరి సి.పి.యు. ఇక అక్కరలేదా? అలా అనుకోకండి. ఒక మెట్టు ఎక్కితేగాని తరువాతి మెట్టు అందని లెక్కలున్నాయి. ఇరవై మంది వంటవాళ్లు చుట్టూ నిలబడినా ఎసరు ముందుగా మరగదు గదా! అలాంటి పనులు సి.పి.యు.వే. జి.పి.యు.కు పని అప్పగించేదీ అదే. నేడు కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వటంలోనూ ఈ రెండూ కలిసే పనిచేస్తున్నాయి.

మీ తరగతిలో ఒక ప్రయోగం చేయండి. 32 మంది తలా ఒక సంఖ్య చీటీమీద రాసుకోండి. ఒక్కడే అన్నిటినీ కలపాలంటే ఒకదాని తరువాత ఒకటిగా 31 కూడికలు చేయాలి. అలాకాక ఇద్దరిద్దరు జతకట్టి కలపండి. వచ్చిన మొత్తాలను మళ్లీ జతలుగా కలపండి. అయిదు విడతల్లో జవాబు వచ్చేస్తుంది. మరి చేసిన కూడికల సంఖ్య తగ్గిందా? మీరే లెక్కపెట్టి చూడండి.