బరువే బలమైన యంత్రము

ఊళ్లు దాటించు రైలింజనును ఎల్లరు నెరుగుదురు. కాని గూడ్సు యార్డులో పెట్టెల నిటునటు త్రోయుచు, విడదీయుచు, కూర్చుచు జీవితము గడపు షంటింగు ఇంజనును గూర్చి విచారించువారు అరుదు. దాని దినచర్య విచిత్రమైనది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఉద్గారముల గణనకై నిర్ణయించిన పట్టికను బట్టి, అది పనికాలములో నూటికి 59.8 పాళ్లు భారము లాగక ఊరక తిరుగుచుండును. పూర్ణశక్తిని చూపు సమయము 0.8 పాలు మాత్రమే. ఆ క్షణికావసరమునకై మహాయంత్రమును దినమెల్ల మేపవలెను. శీతల దేశములలో నీరు గడ్డకట్టునను భయమున దానిని ఆర్పుటకును జంకుదురు. ఆ పొగకు ముందుగా గురియగువారు యార్డు చుట్టు కాపురముండు ప్రజలే.

దీనికి విరుగుడు క్రొత్తది కాదు. 1923 నాటి కాఫ్‌మన్ చట్టము న్యూయార్కు నగరమున ఆవిరి ఇంజన్లను నిషేధింపగా, న్యూయార్కు సెంట్రల్ రైల్వేవారు 1930 ప్రాంతమున త్రివిధశక్తి ఇంజన్లను ప్రవేశపెట్టిరి. విద్యుత్తు సరఫరా గల దారిని దానితోను, లేనిచోట బ్యాటరీతోను నడచుచు, 300 అశ్వశక్తుల డీజిలుతో ఆ బ్యాటరీని నింపుకొనుట వాని పద్ధతి.

డెబ్బది యేండ్లకు పిదప కెనడాలోని వాంకూవరు నగరమున రైల్‌పవర్ సంస్థ ఆ సూత్రమునకు మరల ప్రాణము పోసి ‘గ్రీన్ గోట్’ అను ఇంజనును నిర్మించెను. పాత ఇంజన్ల చట్రములపై సీసపు బ్యాటరీల దొంతరలు పేర్చి, సుమారు 290 అశ్వశక్తుల డీజిలు జనరేటరును మాత్రమే అమర్చి, సన్నని ఊట రాత్రియెల్ల నింపిన బావినుండి తెల్లవారగనే మోటతో నీరు తోడుకొన్నట్లు, నిదానముగ కూడిన విద్యుత్తు అవసరము కలిగినపుడు 2000 అశ్వశక్తులుగా వెలువడునట్లు చేసిరి. కారునకు బ్యాటరీ బరువు దోషము. షంటింగు ఇంజనుకో, అదియే గుణము. ఏలయన చక్రము పట్టాపై జారక నిలిచి పెట్టెల వరుసను కదల్పవలెనన్న ఇంజను బరువుగా నుండవలయును. అందుకొరకు ఇనుమును పనిగట్టుకొని నింపుటయు కలదు.

యూనియన్ పసిఫిక్ మున్నగు రైల్వేలు దీనిని కొనిరి. కాని బ్యాటరీలు వేడెక్కి కొన్ని ఇంజన్లలో మంటలు చెలరేగగా, వానిని వెనుకకు రప్పింపవలసి వచ్చెను. సంస్థ పిదప రెండు మూడు చిన్న డీజిలు యంత్రములను పెట్టి, కావలసినవానినే నడపు ‘జెన్‌సెట్’ ఇంజన్లవైపు మొగ్గెను. అయినను 2009లో దివాలా తీసెను.

మరుసటి యేడే జపాను సరకు రైల్వే కొరకు తోషిబావారు నిర్మించిన హెచ్.డి.300 ఇంజనులో సీసమునకు బదులు లిథియం-అయాన్ బ్యాటరీలు చేరినవి. సగటు పనిని డీజిలుకును, హఠాత్తుగ వచ్చిపడు భారమును బ్యాటరీకిని పంచిన ఆ లెక్క మాత్రము మారలేదు. గ్రీన్ గోట్ లోపము ఆ లెక్కలోనిది కాదు, శక్తిని దాచిన పాత్రలోనిది.