రాయికీ కావాలి రాయితీ!

ఠక్... ఠక్... ఠక్...
ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల దగ్గరికెళితే ముందుగా పలకరించేది ఉలి చప్పుడే. ఉత్త బండరాయిగా వచ్చింది కాస్తా అక్కడ నరసింహస్వామి అవుతుంది, నందీశ్వరుడవుతుంది. నంద్యాలకొస్తే ఆ చప్పుడు మారుతుంది. అక్కడ వడ్లు, పత్తి, పప్పుధాన్యాలు... వాటి చుట్టూ అల్లుకున్న మిల్లులూ దుకాణాలూ.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కొత్త జిల్లా అనగానే ఎవరికైనా ఒకటే ఆశ- మనూరికీ ఓ పెద్ద ఫ్యాక్టరీ వస్తే పిల్లలు పనికోసం ఊరు దాటక్కర్లేదని. మరి ఫ్యాక్టరీ రావాలంటే? రాయితీలివ్వాలి అంటాయి ప్రభుత్వాలు.

ఎవరి సొమ్ము?

పెట్టుబడిలో కొంత తిరిగివ్వడం, కరెంటు చార్జీ తగ్గించడం, చౌకగా భూమి, స్టాంపు డ్యూటీ వాపసు... ఇవన్నీ రాయితీలే. చేతికిచ్చినా, రావాల్సిన పన్ను వదులుకున్నా చివరికి ఆ సొమ్ము జనానిదే. అమెరికాలో చాలాచోట్ల ఎవరికెంత ఇవ్వాలో నగరపాలక మండళ్లే తీర్మానిస్తాయి. మన దగ్గర ఆ పని ముఖ్యంగా రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలది.

ఈ ప్రాంతానికి రాయితీ కొత్తేం కాదు. 2014 నాటి విభజన చట్టం పన్ను ప్రోత్సాహకాలిస్తామంది. ఆ మేరకు 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి వరకూ ఉమ్మడి కర్నూలు సహా ఏడు వెనకబడిన జిల్లాల్లో కొత్తగా పెట్టే పరిశ్రమలకు ఆదాయపు పన్నులో వెసులుబాటు దక్కింది. యంత్రాల ఖరీదులో 15 శాతాన్ని అదనంగా మినహాయించుకోవచ్చు. బాగానే ఉంది. కానీ ఉలీ సుత్తీ తప్ప పెద్ద యంత్రాల్లేని శిల్పికీ, పన్ను కట్టేంత లాభమే రాని చిన్న మిల్లుకీ దాంతో ఒరిగేదేముంది?

ముందు పని... తర్వాతే సొమ్ము

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 2017లో ఫాక్స్‌కాన్ సంస్థకు దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీ ప్రకటించింది. 13 వేల ఉద్యోగాలొస్తాయన్నారు. 2021కల్లా ఒప్పందం 8 కోట్ల డాలర్లకీ, 1,454 ఉద్యోగాలకీ దిగొచ్చింది. 'ఉద్యోగాలిస్తేనే సొమ్ము' అన్న షరతు ఉండబట్టి రాష్ట్ర ఖజానా గట్టెక్కింది. ముందే భూములు కొని, రోడ్లు వేసిన స్థానిక సంస్థలకు మాత్రం అప్పులు మిగిలాయి. పెద్ద ఫ్యాక్టరీ కోసం ఎదురుచూసే ఏ ఊరైనా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతిది.

చిన్నవాళ్లకూ దారులు లేకపోలేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో శిల్పులూ ఉన్నారు. పనిముట్లకు రూ.15 వేలు, హామీ లేకుండా మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకే రుణం అందులో ఉన్నాయి. 2024 అక్టోబరులో రాష్ట్రం ఆమోదించిన కొత్త విధానాలైతే 175 నియోజకవర్గాల్లోనూ చిన్న పరిశ్రమల పార్కు పెట్టాలంటున్నాయి. అంటే నంద్యాలకొకటి, ఆళ్లగడ్డకొకటి!

ఆ పార్కులో రాళ్లు దించుకునే జాగా, దుమ్ము లాగేసే యంత్రం, తక్కువ ధరకు కరెంటు శిల్పికీ దొరుకుతాయా? ఎంతమందికి పనిచ్చారో ఏటా లెక్క చూపుతారా? మాట తప్పితే సొమ్ము వెనక్కి తీసుకుంటారా? పార్కుకి కొబ్బరికాయ కొట్టేముందు ఊరివాళ్లు అడగాల్సిన ప్రశ్నలివి. కొత్తగా వచ్చేవాళ్లకి పీట వేయాల్సిందే. తరాలుగా ఇక్కడే పనిచేస్తున్నవాళ్లకీ అందులో కాస్త చోటుండాలి.