బొమ్మ చేరింది, పేరు చేరిందా?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో పవర్ హౌస్ అనగానే రైల్వే స్టేషను, దాన్ని ఆనుకుని ఉన్న బజారు గుర్తొస్తాయి. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో ఓ పాత ఫొటో ఉందనుకుందాం. బ్లాస్ట్ ఫర్నేస్ ముందు ఎనిమిది మంది కార్మికులు వరుసగా నిలబడి ఉన్నారు. ఫొటో తిరగేస్తే పెన్సిల్‌తో రాసిన ‘04-02-59’ అనే తేదీ, దాని కింద ఎనిమిది పేర్లు కనిపిస్తాయి.

ఇదే ఫొటో మరో ప్రతి ఒక కంపెనీ ఫొటో విభాగంలోనూ ఉందనుకుందాం. ఆ విభాగం తన దగ్గరున్న ఫొటోలు, ఫిల్ములు, వీడియోలు అన్నిటినీ కొత్త కంప్యూటర్ వ్యవస్థలోకి మార్చాలనుకుంది. ఫొటోను స్కానర్ మీద బోర్లించారు. బొమ్మ లోపలికి వెళ్ళింది. మరి వెనుక రాసిన రాత వెళ్ళిందా? ఇలాంటి లైబ్రరీని ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు మార్చడంలో ఉన్న చిక్కంతా ఈ చిన్న ప్రశ్నలోనే ఉంది.

పాత బొమ్మలతో పనేమిటి?

భిలాయిలో ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు తయారుచేసే కర్మాగారం కోసం భారత్, సోవియట్ యూనియన్ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్నాయి. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మన ఊహాచిత్రం వెనుక ఉన్నది ఆ రోజు తేదీయే.

అంత పాత పరిశ్రమ ఎక్కడున్నా దాని బొమ్మలు ఒకే రూపంలో ఉండవు. మొదట నలుపు తెలుపు నెగటివ్‌లు, 16, 35 మిల్లీమీటర్ల ఫిల్ములు. 1970ల నుంచి యూమాటిక్ వంటి వీడియో క్యాసెట్లు. తర్వాత సీడీలు, డిజిటల్ కెమెరాలు, సెల్‌ఫోన్లు. ఇవి కేవలం జ్ఞాపకాలే అనుకుంటే పొరపాటు. నలభై ఏళ్ళ కిందటి పునాదిని తవ్వాల్సి వచ్చినప్పుడు ఏ పైపు ఎటు వెళ్ళిందో నిర్మాణ సమయంలో తీసిన ఫొటో చెప్పగలదు. ఒక ప్రమాదం ఎలా జరిగిందో కొత్త కార్మికులకు వివరించేందుకు పాత వీడియో పనికొస్తుంది. అయితే అది ఏ యూనిట్, ఏ సంవత్సరం అన్నది తెలిస్తేనే ఉపయోగం.

అంకెలు క్షేమంగా చేరాయా?

లైబ్రరీ మార్పిడి అంటే చాలామందికి గుర్తొచ్చేది ఫైళ్ళను కాపీ చేయడం. అది కూడా అనుకున్నంత సులువు కాదు. 35 మిల్లీమీటర్ల ఫిల్మును 4కె నాణ్యతతో, కుదించకుండా స్కాన్ చేస్తే ఒక్కో ఫ్రేము దాదాపు 51 మెగాబైట్లు ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన పది నిమిషాల రీలుకే 730 గిగాబైట్లకు పైగా కావాలి. ఇలాంటి రీళ్ళు 70 ఉంటే మొత్తం 50 టెరాబైట్లు దాటుతుంది. సెకనుకు ఒక గిగాబిట్ వేగమున్న నెట్‌వర్క్ ఒక్క క్షణం ఆగకుండా పనిచేసినా, 50 టెరాబైట్లను పంపడానికి నాలుగున్నర రోజులకు పైగా పడుతుంది.

అంత డేటాలో ఎక్కడో ఒక బిట్ తారుమారైతే? సాధారణ హార్డ్‌డిస్కుల విషయంలో తయారీదారులు చెప్పే హద్దు ఒకటుంది: లక్ష కోట్ల కోట్లలో కాదు, వంద లక్షల కోట్ల బిట్లు చదివితే ఒకసారి చదవలేకపోవచ్చు. అంటే సుమారు 12.5 టెరాబైట్లకు ఒకటి. ఆ లెక్కన 50 టెరాబైట్లలో నాలుగు చోట్ల ఆటంకం రావచ్చు. కుదించిన వీడియోలో ఒక్క బిట్ మారినా, దాని మీద ఆధారపడిన తర్వాతి ఫ్రేములు కూడా చెదిరిపోయే అవకాశం ఉంది.

అందుకే చెక్‌సమ్ అనే పద్ధతి వాడతారు. ఫైలులోని మొత్తం అంకెలను ఒక గణిత సూత్రం గుండా పంపితే చిన్న సంఖ్య ఒకటి వస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఆ సంఖ్య పొడవు 256 బిట్లు. దీన్ని ఫైలు వేలిముద్ర అనుకోవచ్చు. పాత చోట ఒకసారి, కొత్త చోట ఒకసారి ఈ ముద్ర తీసి పోలుస్తారు. రెండూ ఒకటైతే ఫైలు యథాతథంగా చేరినట్టే. ఒక్క బిట్ తేడా ఉన్నా ముద్ర పూర్తిగా మారిపోతుంది. ముద్రలన్నీ సరిపోలే వరకు పాత డిస్కులను చెరపకూడదు.

59 కాస్తా 2059 అయితే?

బొమ్మ గురించిన సమాచారాన్ని మెటాడేటా అంటారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు, ఎవరి అనుమతితో వాడవచ్చు అన్నవన్నీ ఇందులోకి వస్తాయి. చెక్‌సమ్ బొమ్మ చేరిందో లేదో చెబుతుంది కానీ, ఈ సమాచారం సరిగ్గా చేరిందో లేదో చెప్పలేదు. అసలు కష్టాలు ఇక్కడే మొదలవుతాయి.

మన ఫొటో వెనుక ఉన్న తేదీనే తీసుకుందాం. భారతీయులకు ‘04-02-59’ అంటే ఫిబ్రవరి 4. అమెరికా పద్ధతిలో అమర్చిన సాఫ్ట్‌వేర్‌కు అది ఏప్రిల్ 2. ఇక సంవత్సరం సంగతి. రెండంకెల సంవత్సరం కనిపిస్తే 69 నుంచి 99 వరకు గత శతాబ్దంగా, 00 నుంచి 68 వరకు ఈ శతాబ్దంగా లెక్కించే నియమం చాలా ప్రోగ్రాముల్లో ఉంది. అలాంటి ప్రోగ్రాము చేతిలో పడితే బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభోత్సవం 2059లో జరగబోతుంది!

భారతీయ భాషలకు మరో ఇబ్బంది ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఆఫీసుల్లో హిందీని కృతిదేవ్ వంటి ఫాంట్లలో, తెలుగును అను వంటి ఫాంట్లలో టైపు చేసేవారు. తెర మీద తెలుగు అక్షరం కనిపించినా, కంప్యూటర్ లోపల దాచుకునేది ఆంగ్ల అక్షరాల, గుర్తుల సంకేతాలనే. ఆ ఫాంటు లేని కొత్త వ్యవస్థలోకి మారగానే వివరణ అంతా అర్థంలేని గుర్తుల వరుసగా మారిపోతుంది. బిట్లన్నీ భద్రంగానే ఉంటాయి, చెక్‌సమ్ కూడా సరిపోతుంది, పేరు మాత్రం ఎవరికీ కనబడదు. అందుకే మార్పిడికి ముందే ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చి, మనిషి ఒకసారి చదివి సరిచూడాలి.

పేర్లు రాసే తీరు కూడా ముఖ్యమే. ఆంగ్లంలో అప్పారావు అనే పేరును ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడదీస్తారు, మరొకరు ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు పెడతారు. ఈ రూపాలన్నీ ఒకే మనిషివని వ్యవస్థకు చెప్పకపోతే, వెతికినప్పుడు ఒకటి దొరికి మిగతావి దాగిపోతాయి.

చదివే యంత్రం ఉందా?

మూడో సమస్య యంత్రాలది. ఇంగ్లండ్‌లో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ ప్రజలు పంపిన ఫొటోలు, రాతలతో లేజర్ డిస్కులు తయారుచేసింది. పదిహేనేళ్ళు గడిచేసరికి వాటిని చదివే యంత్రాలు అరుదైపోయాయి. పాత కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్ రాసి పరిశోధకులు ఆ సమాచారాన్ని కాపాడాల్సి వచ్చింది. తొమ్మిది వందల ఏళ్ళ నాటి అసలు గ్రంథాన్ని మాత్రం ఇప్పటికీ పేజీ తిప్పి చదవచ్చు.

అయస్కాంత టేపులది మరింత తొందర. టేపు మీద అయస్కాంత రేణువులను పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమకు విడిపోతుంది. ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ కుళ్ళి, వెనిగర్ వాసన వేస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే, వానాకాలంలో ముసురు పట్టే మధ్య భారతంలో మామూలు బీరువాలో పెట్టిన రీళ్ళకు ఈ ముప్పు ఎక్కువ.

పెద్ద సంస్థలకూ తప్పని దెబ్బలు

బీబీసీ తన వీడియోలన్నీ ఉద్యోగులు కంప్యూటర్ ముందే కూర్చుని వెతికి వాడుకునేలా 2008లో ఒక పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టింది. 2013లో దాన్ని మధ్యలోనే ఆపేసింది. తేలిన నష్టం 9.84 కోట్ల పౌండ్లు. సామాజిక మాధ్యమం మైస్పేస్, సర్వర్లు మార్చే క్రమంలో 2015 వరకు వాడుకరులు పెట్టిన పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని 2019లో ఒప్పుకుంది. అపోలో 11 చంద్రయాత్ర నాటి మూల టెలివిజన్ సంకేతాలున్న టేపులను చెరిపి తిరిగి వాడేసి ఉంటారని 2009లో నాసా చెప్పింది.

మన దేశంలో జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ కింద పాత సినిమాలను డిజిటల్ రూపంలోకి మారుస్తున్నారు. 2,200 సినిమాల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలు కేటాయించినట్టు 2022లో కేంద్రం ప్రకటించింది. సినిమాకు కనీసం టైటిల్స్ ఉంటాయి, తారల ముఖాలు జనానికి గుర్తుంటాయి. ఫ్యాక్టరీ ఫొటోలోని కార్మికుడికి ఆ అవకాశం లేదు.

ముందు అడగాల్సింది మనుషులను

ముఖాలను గుర్తుపట్టే కృత్రిమ మేధ ఉంది కదా అనిపించవచ్చు. వంద ఫొటోల్లో ఉన్న మనిషి ఒకరేనని అది చెప్పగలదు. ఆయన పేరేమిటో ఎవరైనా ఒకసారి చెబితే తప్ప దానికి తెలియదు. ఆ చెప్పగలిగినవారు 1959లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. ఇప్పుడు ఉంటే ఎనభైలు దాటినవారు.

అందుకే పనుల వరుస మారాలి. సర్వర్లు కొనడానికి ముందే ఏమేమి ఉన్నాయో జాబితా రాసుకోవాలి. ఫొటోకు ముందు వైపుతో పాటు వెనుక వైపు కూడా స్కాన్ చేసి, రెండిటినీ ఒకే గుర్తింపు సంఖ్యతో కలపాలి. పాత సంఖ్యను కొట్టేయకుండా కొత్తదాని పక్కనే ఉంచాలి. తెలియని తేదీని ఊహించి నింపకుండా ‘సుమారు’ అని రాయాలి. కొన్ని వందల బొమ్మలతో ముందు పరీక్షించి, ఆ తర్వాతే మొత్తం మార్చాలి. వీటన్నిటికంటే ముందు, పాత ఫొటోల ప్రతులు తీసి విశ్రాంత ఉద్యోగుల ముందు పెట్టి, వాళ్ళు చెప్పింది రికార్డు చేసుకోవాలి. డిస్కులు ఇంకో ఏడాది ఆగగలవు. మనుషుల జ్ఞాపకం ఆగుతుందన్న హామీ లేదు.

ఇంట్లో పాత ఫొటోలున్న ఎవరైనా ఈ పని ఇవాళే మొదలుపెట్టవచ్చు. ఫొటో తిరగేసి వెనుక వైపు కూడా ఫోనులో తీయడానికి ఒక్క నిమిషం చాలు. వెనుక ఏమీ రాసి లేకపోతే, ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్ళను అడిగి రాసుకోవాల్సిన సమయం ఇదే.