కారణము తెలియని సంతానలేమి: ఎంతకాలము వేచి చూడవలెను? చికిత్సకు ఎప్పుడు వెళ్ళవలెను?

సంతానము కొరకు తపించే దంపతుల ఆవేదన ఎంతటిదో 2024 ఏప్రిల్ 19వ తేదీన భాగ్యనగరమంతా చూచినది. చిలుకూరు బాలాజీ ఆలయములో సంతానము లేనివారికి గరుడ ప్రసాదము ఇస్తారని విని వేలాది కుటుంబములు బయలుదేరగా, ఆ దారులన్నీ వాహనములతో నిండి గంటల తరబడి కదలలేదు. గత ఏడాది నా వద్దకు వచ్చిన ఒక జంట కూడ ఆనాడు ఆ వరుసలో నిలిచి, ప్రసాదము అందక తిరిగివచ్చినవారే. వారి అనుమతితో, వారిని గుర్తుపట్టగల వివరములు విడిచి, ఆ విషయమును ఇక్కడ వ్రాయుచున్నాను. ఇటువంటి దంపతులు మన పాఠకుల ఇండ్లలోనూ ఉందురు.

మా చికిత్సాలయము ఎల్బీ నగర్‌లో ఉన్నది. నల్లగొండ, సూర్యాపేట వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబములు ఎక్కువగా వచ్చుచుందురు. ఆ రోజు ఆమె వయస్సు 32, ఆయన వయస్సు 35. వెంట అత్తగారు కూడ వచ్చినారు. నేను అడుగక ముందే ఆమె మొదలుపెట్టినారు.

“సార్, పెండ్లయి నాలుగేండ్లాయె. పరీక్షలన్నీ మంచిగనే ఉన్నయంట. ఏ లోపం లేకుంటే పిల్లలెందుకు పుడతలేరు? మా కోడలికి మంచి మందియ్యండి.”

కోడలు తల వంచుకొని కూర్చున్నది. భర్త చేతిలో లావుపాటి ఫైలు ఉన్నది. “ఒకచోట వెంటనే ఐవీఎఫ్ చేయించుకోమన్నారు సార్. ఇంకొకచోట ఆరు నెలలు మందు వాడితే చాలు, పరీక్షలే వద్దన్నారు. ఎవరి మాట వినాలి?” అని అడిగినాడు.

ఈ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

‘కారణము తెలియదు’ అనగా ఏమి?

ఏ విధమైన నిరోధము లేకుండ, క్రమముగా కలిసి ఉండియు 12 మాసములలో గర్భము రానిచో దానిని సంతానలేమిగా పరిగణింతురు. భార్య వయస్సు 35 దాటినచో 6 మాసములకే పరీక్షలు చేయించుకొనవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారము, ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొనుచున్నారు. కనుక ఇది ఒక ఇంటికి మాత్రమే వచ్చిన శాపము కాదు.

సుశ్రుతాచార్యులు గర్భధారణకు నాలుగు అంశములు చెప్పినారు: ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము. పంటకు అదను, నేల, నీరు, విత్తనము ఎట్లో ఇదియు అట్లే. నేటి పరీక్షలు కూడ ఇంచుమించు వీనినే చూచుచున్నవి. అండము విడుదల అగుచున్నదా, నెలసరి క్రమముగా ఉన్నదా అనునది ఋతువు. గర్భాశయము, అండవాహికలు క్షేత్రము. రక్తహీనత, థైరాయిడ్, పోషణ అంబువు. స్త్రీ అండము, పురుషుని శుక్రకణములు రెండును బీజమే. బీజము అనగా భార్య ఒక్కతే కాదని అత్తగారలు గమనింపవలెను.

అండము విడుదల అగుచున్నది, నాళములు తెరచి ఉన్నవి, వీర్యపరీక్ష బాగున్నది, అయినను గర్భము నిలువలేదు. అప్పుడే ‘కారణము తెలియని సంతానలేమి’ అందురు. సంతానలేమితో వచ్చు దంపతులలో 15 నుండి 30 శాతము వరకు ఈ కోవకు చెందుదురు. నేటి పరీక్షలకు కనిపింపని కారణము ఏదో ఉండవచ్చునని దీని అర్థము. కారణము లేదనిగాని, ఇక ఆశ లేదనిగాని అర్థము కాదు.

నా పొరపాటు

ఇక్కడ ఒక మాట ఒప్పుకొనవలెను. వైద్యవృత్తి ప్రారంభించిన తొలి సంవత్సరములలో ఒక జంటకు దాదాపు మూడేండ్లు మందులు ఇచ్చినాను. మందు భార్యకే, పథ్యము భార్యకే. భర్తకు వీర్యపరీక్ష వ్రాయలేదు. చివరకు వారే మరొకచోట చేయించుకొనగా శుక్రకణములు అత్యల్పమని తేలినది. అప్పటికి ఆమె వయస్సు 37. నా మందు ఆమెకు అపకారము చేయలేదు. నేను తీసుకొన్న కాలము చేసినది. అండముల సంఖ్య, నాణ్యత వయస్సుతో తగ్గును, 35 తరువాత మరింత వేగముగా తగ్గును. పోయిన కాలమును ఏ రసాయనమూ తిరిగి తేలేదు. ఆనాటి నుండి ఇద్దరి పరీక్షలు చూడక నేను సంతానము కొరకు ఏ మందు ఇచ్చుట లేదు.

ముందు ఫైలు, తరువాత క్యాలెండరు

వారి ఫైలులో నేను చూచినవి ఇవి: అండాశయ స్కానింగు, థైరాయిడ్ పరీక్ష, నాళములు తెరచి ఉన్నవా అని చూచు ఎక్స్‌రే, వీర్యపరీక్ష. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ప్రమాణము ప్రకారము మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల శుక్రకణములు కనీస హద్దు. ఈ పరీక్షకు ముందు 2 నుండి 7 రోజులు దూరముగా ఉండవలెను. ఒక్కసారి తక్కువ వచ్చినచో కంగారుపడక మరల చేయించుకొనవలెను.

మన దేశములో జననాంగ క్షయను మరువరాదు. దగ్గు, జ్వరము ఏదియు లేకనే అది నాళములను, గర్భాశయపు లోపొరను పాడుచేయగలదు. ఇంటిలో ఎవరికైనా క్షయ వచ్చియున్నచో వైద్యునికి తప్పక చెప్పవలెను. నెలసరిలో భరింపరాని నొప్పి ఉన్నచో ఎండోమెట్రియోసిస్‌ను అనుమానింపవలెను. వీరికి ఈ రెండు లక్షణములు లేవు.

తరువాత క్యాలెండరు తీసినాను. “నాలుగేండ్లలో ఇద్దరూ ఒకే ఇంట ఎన్నాళ్ళున్నారు?” అని అడిగినాను. మొదటి రెండేండ్లు ఆయన ఉద్యోగము బెంగళూరులో. నెలకు రెండు పర్యాయములు వచ్చి పోయెడివాడు. అనగా నిజమైన ప్రయత్నము నాలుగేండ్లు కాదు, రెండేండ్లే. ఆ మాట విని ఆమె మొదటిసారి తల ఎత్తినది.

అదను లెక్కకు ఒక సులభ సూత్రము కలదు. నెలసరి నుండి నెలసరికి గల రోజులలో 14 తీసివేయవలెను. 30 రోజుల చక్రమున్నచో 16వ రోజు ప్రాంతములో అండము విడుదల అగును. ఆ రోజు, దానికి ముందు 5 రోజులు, అనగా 11 నుండి 16 వరకు గర్భధారణకు అనుకూలము. శుక్రకణములు 5 రోజుల వరకు జీవించగలవు. అండము ఒక్క రోజుకు మించి నిలువదు. అందుచేత ముందు రోజులే ముఖ్యము. ఈ లెక్క క్రమముగా నెలసరి వచ్చువారికే సరిపోవును.

ఎదుట ఉన్న మూడు దారులు

మొదటిది, వేచి చూచుట. భార్య వయస్సు 35 లోపు ఉండి, ప్రయత్నము రెండేండ్ల లోపుగా ఉన్నచో ఇది సోమరితనము కాదు, చికిత్సతో సమానమైన దారియే. స్కాట్లాండులో 580 మంది స్త్రీలపై జరిపి 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు మాసములు ఊరక వేచినవారిలో 17 శాతము మందికి బిడ్డలు పుట్టినారు. క్లోమిఫిన్ మాత్రలు మాత్రమే వాడినవారిలో అది 14 శాతము. అనగా అన్నియు బాగున్నప్పుడు మాత్రలు మాత్రమే మ్రింగుట వలన లాభము లేదు.

రెండవది ఐయూఐ. అండములు ఎదుగుటకు మందు ఇచ్చి, శుద్ధి చేసిన వీర్యమును అదను చూచి గర్భాశయములోనికి పంపుట. న్యూజిలాండులో 201 జంటలపై జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, మందుతో కూడిన ఐయూఐ మూడు పర్యాయములు చేయించుకొన్నవారిలో 31 శాతము మందికి, వేచియున్నవారిలో 9 శాతము మందికి బిడ్డలు కలిగినారు. వీరు చాలకాలముగా ఎదురుచూచుచున్నవారు కనుక వేచుట వలన లాభము తక్కువగా ఉన్నది. కారణము తెలియనివారికి మొదటి చికిత్సగా దీనినే ఐరోపా సంతాన వైద్య నిపుణుల సంఘము 2023లో సూచించినది. స్కానింగుతో అండములను గమనింపనిచో కవలలు, అంతకు మించిన గర్భములు వచ్చు ప్రమాదము కలదు.

మూడవది ఐవీఎఫ్. అండమును, శుక్రకణమును శరీరము వెలుపల కలిపి, పిండమును గర్భాశయములో నిలుపుట. ఈ పద్ధతిలో ప్రపంచములో మొదటి బిడ్డ 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టగా, డెబ్బది రోజులకే, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశములో బిడ్డ పుట్టినది. ఆయన జీవించి ఉండగా ఆ కృషికి గుర్తింపు రాలేదు. ఐవీఎఫ్ గొప్ప సాధనమే, కాని హామీ కాదు. బ్రిటన్ దేశపు 2019 లెక్కలలో, 35 ఏండ్ల లోపు స్త్రీలలో కూడ నిలిపిన పిండములలో మూడింట ఒక వంతు మాత్రమే బిడ్డలైనవి. మన నగరములో ఒక్క పర్యాయమునకే ఖర్చు లక్ష రూపాయలకు పైమాటే. నాళములు మూసికొనిపోయినవారు, శుక్రకణములు అత్యల్పముగా ఉన్నవారు, వయస్సు మీరినవారు ఆలస్యము చేయక దీనికే వెళ్ళవలసి ఉండును.

ఇంటి వైద్యము చేయగలది, చేయలేనిది

వీర్యకణము తయారగుటకు రెండున్నర మాసములు పట్టును. కనుక ఏ మార్పు చేసినను మూడు మాసములు చూడవలెను, మూడేండ్లు కాదు. గుట్కా, సిగరెట్టు, మద్యము ఇద్దరూ మానవలెను. అధిక బరువు ఉన్నచో తగ్గించవలెను. పురుషులు వృషణములకు వేడి తగులకుండ చూచుకొనవలెను. వేళకు నిద్రింపవలెను. ఆకుకూరలు, పెసలు, మునగాకు, పాలు, తగుమాత్రము నెయ్యి, మినుములు బెల్లము కలిపిన సున్నుండలు మంచి ఆహారము. మధుమేహము గలవారు బెల్లము మానవలెను. ఇవి దేహమునకు పుష్టి కలిగించును. బిడ్డను ఇచ్చునని నేను చెప్పజాలను. గర్భము కోరు ప్రతి స్త్రీయు ముందు నుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసుకొనవలెను.

పిల్లితీగ గడ్డ అనగా శతావరి, పెన్నేరు గడ్డ అనగా అశ్వగంధ, ఈ రెండింటిని గురించి చాలమంది అడుగుచుందురు. శతావరిని స్త్రీలకు బల్యముగా మన పెద్దలు వాడినారు; అది సంతానమును కలిగించునని చెప్పుటకు తగిన పరిశోధనలు లేవు. శుక్రకణములు తక్కువగా ఉన్న 46 మందిపై మన దేశములో జరిపిన ఒక చిన్న పరిశీలనలో అశ్వగంధతో 90 రోజులలో సంఖ్య పెరిగినది. ఈ భర్తకు సంఖ్య సరిగానే ఉన్నది కనుక నేను ఇవ్వలేదు. అశ్వగంధ థైరాయిడ్‌పై పనిచేయును, కొందరిలో కాలేయమును దెబ్బతీయును, గర్భిణులు వాడరాదు. పేరు తెలియని భస్మములు అసలే వద్దు. అమెరికాలోని బోస్టన్ అంగళ్ళలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షింపగా 14 మందులలో సీసము, పాదరసము వంటి లోహములు ఉన్నట్లు 2004లో ప్రకటించినారు. సీసము పుట్టబోవు బిడ్డకు విషము. స్త్రీల వంధ్యత్వమును నయము చేయుదుమని మందుల ప్రకటన ఇచ్చుట 1954 నాటి చట్టము ప్రకారము నేరము. అటువంటి ప్రకటన కనిపించినచో ఆ గడప తొక్కవద్దు.

ఎక్కడికి వెళ్ళవలెను?

ఆయుర్వేద సలహా కావలసినవారికి ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాల కలదు; ఎల్బీ నగర్ నుండి ఒకే మెట్రో రైలులో చేరవచ్చును. గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రమును 2023 అక్టోబరులో ప్రారంభించినారు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద రైలు మారి వెళ్ళి, ఏయే చికిత్సలు లభించునో ముందుగా విచారింపవలెను.

ప్రైవేటు కేంద్రమునకు వెళ్ళువారు 2021 నాటి సంతాన సాంకేతిక చట్టము క్రింద దానికి రిజిస్ట్రేషన్ ఉన్నదా అని చూడవలెను. ఆ చట్టము ప్రకారము భార్య వయస్సు 21–50, భర్త వయస్సు 21–55 సంవత్సరముల నడుమ ఉండవలెను. ఇద్దరి వ్రాతపూర్వక అంగీకారము ఉండవలెను. 2025 జూలైలో సికింద్రాబాదులోని ఒక కేంద్రముపై పోలీసులు కేసు పెట్టినారు. అద్దె గర్భము ద్వారా తమకు పుట్టిన బిడ్డయని ఇచ్చిన శిశువు తమ బిడ్డ కాదని డీఎన్ఏ పరీక్షలో తేలినట్లు ఒక జంట ఫిర్యాదు చేసినది. ఆశలో ఉన్నవారిని మోసగించుట సులభము. సంతకము చేయు ప్రతి కాగితమును చదువవలెను, ప్రతి రూపాయికి రశీదు తీసుకొనవలెను.

ఒక కాగితము

ఇవన్నియు చెప్పి, ఆ దంపతులకు ఒక తెల్ల కాగితము ఇచ్చినాను. “ఏమి చేయుదురు, ఎంత ఖర్చు పెట్టుదురు, ఎప్పటివరకు చేయుదురు, మీరిద్దరే వ్రాయండి” అన్నాను. వారు ఇట్లు వ్రాసినారు: మూడు మాసములు ఆహార నియమము, అదను లెక్క. తరువాత మూడు పర్యాయములు ఐయూఐ. అప్పటికిని ఫలింపనిచో, అప్పు చేయకుండ కూడబెట్టిన సొమ్ముతో ఒక్కసారి ఐవీఎఫ్. ఆపైన దత్తత విషయము ఆలోచించుట. అత్తగారు ఆ కాగితమును కొడుకు చేత రెండుసార్లు చదివించుకొని, “అయితే మా పిల్లగాడు కూడ పథ్యం ఉండాల్నా?” అని అడిగినారు. “ఉండవలెనమ్మా” అన్నాను. “సరే, ఇద్దరికీ నేనే వండుత” అన్నారు.

వారికి సంతానము కలిగినదా అని పాఠకులు అడుగవచ్చును. ఈ వ్యాసము వ్రాయు నాటికి రెండు ఐయూఐలు జరిగినవి, ఫలింపలేదు. రెండవది తప్పిన రోజు ఆమె ఏడ్చినదట. మరునాడు యథాప్రకారము బడికి పోయి పాఠము చెప్పినదట. మూడవది ఇంకను ఉన్నది. దాని తరువాత ఏమి చేయవలెనో ఆ కాగితముపై ముందే ఉన్నది కనుక, ఎవరు భయపెట్టినను, ఎవరు ఆశపెట్టినను వారు పరుగెత్తనక్కరలేదు.

మీ ఇంటిలో ఇటువంటి దంపతులు ఉన్నచో ‘ఏమైనా విశేషమా?’ అని ప్రతి పండుగకు అడుగకండి. ఇద్దరినీ కలిసి వైద్యుని వద్దకు పంపండి. ఆ కాగితమును వారినే వ్రాసికొననివ్వండి.