మీకు తెలుసా? వేలికొసకు ‘క’ ఒక్కటే

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి అధికారిక పేరు శ్రీ విజయపురం) లోని డైరీ ఫార్మ్‌లో ఒక తెలుగింటి పిల్ల ఉందనుకుందాం. ఇంట్లో సిక్కోలు యాస, వీధిలోకి వస్తే హిందీ, పక్కింట్లో బెంగాలీయో తమిళమో, బడి పుస్తకంలో ఇంగ్లిష్. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతానికి పైనే. కళ్లతో చదివే పిల్లకు ఎన్ని భాషలో దాదాపు అన్ని లిపులు. తెలుగు ‘క’ ఒక తీరు, హిందీ ‘క’ ఇంకో తీరు, బెంగాలీ, తమిళం తలో తీరు. వేలితో చదివే పిల్లకో? అన్నింటికీ ఒకటే ‘క’. ఎడమ వరుసలో పైన ఒక చుక్క, అడుగున ఒక చుక్క. ఇంగ్లిష్ ‘కె’ కూడా అదే.

1951లో మన దేశం ఆమోదించిన భారతి బ్రెయిలీ గొప్పతనమే ఇది. లిపి ఆకారాన్ని పక్కన పెట్టి, శబ్దాన్ని పట్టుకుంది. ఆరు చుక్కల గడిలో తెలుగు నేర్చిన పిల్లకు హిందీ చాలావరకు వచ్చేసినట్టే. తేడాలు లేకపోలేదు. మనకున్న పొట్టి ఎ, ఒ హిందీకి లేవు కాబట్టి వాటికి వేరే గళ్లు కేటాయించారు. ఇన్ని భాషలు కలిసి బతికే అండమాన్‌లో ఇంత అక్కరకొచ్చే లిపి మరొకటి లేదని నా నమ్మకం.

సరే, ఈ పిల్లకు ఆ ఆరు చుక్కలు నేర్పేదెవరు?

టీచర్లలో చాలామంది బ్రెయిలీ అనగానే వెనకడుగు వేస్తారు. వేలితో చదవడం ఈ వయసులో మనవల్ల అవుతుందా అని భయం. నిజానికి చూపున్న టీచరు బ్రెయిలీని వేలితో చదవనక్కర్లేదు, కంటితో చూసి చదివితే చాలు. పైగా తెలుగు అచ్చులో ఉన్న చిక్కులు ఇందులో లేవు. గుడి, కొమ్ము, ఏత్వం లాంటి గుర్తులకు వేరే రూపాలుండవు. ‘క’ పక్కన ‘ఇ’ పెడితే అదే ‘కి’. వత్తులు కింద కూర్చోవు, కింద చోటే లేదు. ‘అమ్మ’ రాయాలంటే ముందు ‘అ’, ఆపైన పొల్లు గుర్తుగా ఒంటరి 4వ చుక్క, తర్వాత ‘మ’, మళ్లీ ‘మ’. నాలుగు గళ్లు, అంతే. ఒక్కటి మాత్రం చేత్తో చేసి చూస్తేనే వంటబడుతుంది. బ్రెయిలీ పలక మీద స్టైలస్‌తో గుచ్చేటప్పుడు కుడి నుంచి ఎడమకు, అద్దంలో బొమ్మలా తిరగేసి రాయాలి. కాగితం తిప్పితే చుక్కలు పైకి తేలి, ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. పిల్ల ఎక్కడ పొరబడుతోందో తెలియాలంటే టీచరు ఒక్కసారైనా ఆ పలక పట్టి ఉండాలి.

ఇంతకీ చూపు సమస్య ఉన్న పిల్లలంటే అందరూ పూర్తిగా చీకటిలో ఉన్నవాళ్లు కారు. కొంత చూపు మిగిలినవాళ్లే ఎక్కువ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కలో, అద్దాలు పెట్టాక కూడా మెరుగైన కంటి చూపు 6/18 నుంచి 3/60 దాకా ఉంటే అది అల్పదృష్టి. 3/60 అంటే, మామూలు కన్ను 60 మీటర్ల నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని ఈ కన్ను 3 మీటర్ల దగ్గరకొస్తే గాని పట్టలేదు. బళ్లో ఎక్కువ అన్యాయం జరిగేది వీళ్లకే. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న పిల్లాడికి ముందు రేచీకటి వస్తుంది, తర్వాత చుట్టూ ఉన్న చూపు మూసుకుపోయి గొట్టంలోంచి చూసినట్టు మధ్యలోదే మిగులుతుంది. వాడు పుస్తకంలో చిన్న అక్షరాలు గడగడా చదువుతాడు, లేచి నడిస్తే బెంచీకి కొట్టుకుంటాడు. సంగతి తెలియని టీచరు వాడు నటిస్తున్నాడనుకుంటారు. ఆ ఒక్క అపోహ వాడి చదువును ఎంత దెబ్బతీస్తుందో చెప్పలేం. తెల్లని వెంట్రుకలు, తెల్లని రెప్పవెంట్రుకలతో పుట్టిన పిల్లను కిటికీ ఎదురుగా కూర్చోబెడితే వెలుగు కళ్లలో గుచ్చుకుంటుంది. ముందు బెంచీ అందరికీ మందు కాదు. ఏ వెలుగు ఎటునుంచి పడితే బాగుంటుందో పిల్లనే అడగాలి.

‘చూడు’ అనే మాట ఈ పిల్లల ముందు వాడొచ్చా అని కొందరు టీచర్లు మొహమాటపడతారు. నిరభ్యంతరంగా వాడొచ్చు. మన తెలుగులో చూడటం కంటికి మాత్రమే చెందిందా? రుచి చూస్తాం, ముట్టుకుని చూస్తాం, అడిగి చూస్తాం. మానుకోవాల్సిన మాటలు వేరే ఉన్నాయి. బోర్డు మీద వేలు పెట్టి ‘ఇదిగో, ఇక్కడ, ఇలా’ అంటామే, అవి. ‘త్రిభుజం అడుగు గీత ఐదు సెంటీమీటర్లు, దానికి ఎడమ కొసన 60 డిగ్రీల కోణం’ అంటే ఆ పిల్లకూ అందుతుంది, వెనక బెంచీలో ఉన్నవాళ్లకూ అందుతుంది.

నడిపించడంలోనూ ఒక పద్ధతి ఉంది. పిల్ల చెయ్యి పట్టి లాగకూడదు, భుజం పట్టి ముందుకు తోయకూడదు. టీచరు మోచేతిని పిల్ల పట్టుకుని అరడుగు వెనక నడవాలి. మెట్టు ఎక్కుతున్నామో దిగుతున్నామో ఆ మోచెయ్యే చెబుతుంది. ఎత్తుపల్లాల పోర్ట్ బ్లెయిర్‌లో ఇది రోజూ పనికొచ్చే విద్య. ఇంకో సంగతి, అండమాన్‌లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. రేకుల కప్పు మీద వాన దంచుతుంటే టీచరు గొంతు వినబడదు. మిగతా పిల్లలు బోర్డు చూసి నెట్టుకొస్తారు. చెవే ఆధారమైన పిల్లకు ఆ పీరియడ్ పోయినట్టే. అలాంటప్పుడు టీచరు పక్కన వెళ్లి కూర్చుని చెప్పాలి, లేదా పాఠం బ్రెయిలీలో ముందే చేతికి ఇచ్చి ఉండాలి.

ఇలాంటి టీచర్లను తయారుచేసే పని మన దేశంలో కొత్తదేం కాదు. అండమాన్ జపాన్ చేతిలో ఉన్న 1943లో, యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ హాస్టల్ పెట్టారు. ఇప్పుడక్కడ ఉన్న జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థకు మూలం అదే. దృష్టి లోపాల్లో ప్రత్యేక బీఎడ్ కోర్సు, భారత పునరావాస మండలి గుర్తింపుతో నడుస్తుంది. మామూలు బీఎడ్‌లో సమ్మిళిత పాఠశాల గురించి ఒక పేపరు ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో టాగోర్ గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ ఎడ్యుకేషన్, గారచర్మలో జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) టీచర్లను తయారుచేస్తున్నాయి. ఆ ఒక్క పేపరుతో సరిపెట్టుకోకుండా, ప్రతి కొత్త టీచరూ ఆరు చుక్కలతో తన పేరు రాసి, కళ్లకు గంతలు కట్టుకుని ఒక మెట్ల వరుస దిగి, ఆ తర్వాతే పట్టా అందుకోవాలి.

టీచరు ఒక్కరు నిలబడితే ఏమవుతుందో మచిలీపట్నం దగ్గర పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ చెబుతుంది. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే చూపు లేనివాళ్లకు కుదరదన్నాయి నిబంధనలు. కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. ఆ పోరాటంలో ఆయన టీచరు వెన్నంటి ఉన్నారు. పన్నెండో తరగతిలో 98 శాతం మార్కులు, ఆపైన అమెరికాలో ఎంఐటీ, 2012లో హైదరాబాద్‌లో సొంత కంపెనీ బొల్లాంట్ ఇండస్ట్రీస్. 2024లో ఆయన జీవితం హిందీ సినిమాగా వచ్చింది.

డైరీ ఫార్మ్‌లో గాని, ఇంకే ఊళ్లో గాని మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పిల్లలుంటే ఈ రెండూ గుర్తుంచుకోండి. 2016 చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉన్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, అభ్యాస సామగ్రి, తగిన పరికరాలు ఉచితం. బ్రెయిలీ వచ్చిన టీచర్లను తయారుచేసి నియమించాలని చెబుతున్నదీ ఆ సెక్షనే. ఇక సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో 3 గంటల పేపరుకు అదనంగా 60 నిమిషాలు, రాసిపెట్టడానికి ఒక సహాయకుడు దొరుకుతారు. దానికి కావలసిన కాగితాలు బడి ద్వారానే బోర్డుకు వెళ్లాలి. పరీక్షల ముందు పరుగులు పెట్టకుండా, ధ్రువపత్రం పట్టుకుని ఈ వారమే హెడ్మాస్టరు గారిని కలవండి.